తేమ గాలిలో గురుగ్రహం: రాజోలు పెరట్లో ఒక సీజన్

2025 సెప్టెంబరు నుంచి 2026 జనవరి దాకా గ్రహాల ఫొటోలు తీస్తూ రాసుకున్న నోట్సు ఇది. డెల్టాలో ఉంటూ టెలిస్కోప్ కొనాలా వద్దా అని ఆలోచించేవాళ్లకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ, ఆకాశం పాలిపోయి ఉంటుంది, రొయ్యల చెరువుల దగ్గర రాత్రంతా లైట్లు, కాబట్టి ఇక్కడ ఈ హాబీ దండగ అని చాలామంది తేల్చేస్తారు. నెబ్యులాలు, గెలాక్సీల విషయంలో ఆ మాట నిజమే. గ్రహాల సంగతి వేరు. ఈ సీజన్‌లో నాకు దొరికిన మంచి ఫొటోలన్నీ ఆకు కదలకుండా, తేమ బాగా పట్టిన రాత్రుల్లో వచ్చినవే.

మా ఊరు రాజోలు దగ్గర, వశిష్ఠకీ వైనతేయకీ మధ్య. అక్షాంశం దాదాపు 16.5 డిగ్రీలు. నా దగ్గరున్నది 8 అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్, అంటే పీట లాంటి స్టాండు మీద తిరిగే టెలిస్కోప్. ఫోకల్ లెంత్ 1200 మిల్లీమీటర్లు. దానికి 2ఎక్స్ బార్లో (ఫోకల్ లెంత్‌ని రెండింతలు చేసే లెన్సు), 2.9 మైక్రాన్ల పిక్సెళ్లున్న కలర్ కెమెరా, ఎస్‌ఎస్‌డీ వేయించిన పాత ల్యాప్‌టాప్. మోటారు లేదు, చేత్తో తిప్పడమే. బార్లో పెడితే ఎఫ్/12 అవుతుంది, అంటే ఫోకల్ లెంత్ అద్దం వెడల్పుకి 12 రెట్లు. మైక్రాన్లలో పిక్సెల్ సైజుకి నాలుగైదు రెట్లు ఎఫ్ సంఖ్య ఉంటే చాలని ఈ పని చేసేవాళ్లు చెప్పే లెక్కకి అది సరిపోయింది. 3ఎక్స్ బార్లో పెడితే బొమ్మ పెద్దదవుతుంది గాని వెలుతురు చచ్చిపోతుంది, కొత్త వివరమేమీ రాదు. ఈ అమరికలో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో పావు ఆర్క్ సెకను (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). జనవరిలో గురుడి వెడల్పు 46 ఆర్క్ సెకన్లు, అంటే తెర మీద 185 పిక్సెళ్లు. ఫోన్‌లో చూస్తే చిన్నదే, పట్టీలు మాత్రం స్పష్టంగా తెలుస్తాయి.

సెప్టెంబరు 21న శని సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చాడు, అంటే గ్రహం రాత్రంతా కనబడే రోజు. వానాకాలం, మబ్బు. ఆ నెల మొత్తం మీద చెప్పుకోదగ్గ ఫొటో ఒక్కటీ లేదు. అక్టోబరులో మబ్బుల సందుల్లో చూపించబోతే పక్కింటి బాబాయి కన్ను పెట్టి చూసే ఐపీస్‌లోంచి తల తీసి, "వలయాలు చూపిస్తానన్నావు, ఇదేంట్రా బంతికి సూది గుచ్చినట్టుంది?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. 2025 మార్చి 23న శని వలయాల తలం సరిగ్గా భూమి మీదుగా పోయింది, అప్పుడు అవి పక్క నుంచి సన్నటి గీతే. నవంబరు చివర్లో మళ్లీ దాదాపు అదే స్థితికి వచ్చాయి, వాలు అర డిగ్రీ లోపే. వలయాలు విప్పారి ఉన్నప్పటి ఫొటోలు చూసి ఆశపడేవాళ్లకి ఇది నిరాశే. నాకు మాత్రం గోళం మీద పట్టీలు అడ్డం లేకుండా దొరికాయి. శని మనకి 70 డిగ్రీల ఎత్తుకి వస్తాడు. లండన్‌లో అయితే అదే శని 35 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. ఆకాశంలో అంత కిందికి ఉన్న గ్రహానికి ఒక అంచున ఎరుపు, ఇంకో అంచున నీలం తేలుతుంది, దాన్ని సరిచేయడానికి అక్కడివాళ్లు ప్రత్యేకంగా పట్టకాలు కొంటారు. మనకి ఆ ఖర్చు లేదు.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. మబ్బు విడిపోయాక ఆకాశం కడిగేసినట్టు ఉంది. కరెంటు లేదు, చుట్టూ చీకటి, నక్షత్రాలు గుప్పెళ్లతో చల్లినట్టు. చూడ్డానికి అద్భుతం. టెలిస్కోప్‌లో శని మాత్రం ఉడుకుతున్న నీళ్ల అడుగున ఉన్నట్టు వణికాడు, తీసిన వీడియోలో ఒక్క ఫ్రేము పనికి రాలేదు. నక్షత్రాలు తెగ మిణుకుమంటున్నాయంటే పైన గాలి పొరలు కలగాపులగంగా కదులుతున్నట్టే, గ్రహాలకి ఆ రాత్రి సెలవు. అందుకే ఇప్పుడు తెరలు తీసి సామాను బయట పెట్టే ముందు తల పైకెత్తి నక్షత్రాల్ని చూస్తాను. అవి మొద్దుగా, కదలకుండా ఉంటే సామాను తీస్తాను. మిలమిల్లాడుతుంటే భోంచేసి పడుకుంటాను.

ఈ నిలకడ మనకి ఊరికే వచ్చింది కాదు. బల్లపరుపు నేల, దగ్గర్లో కొండల్లేవు. చుట్టూ కాలవలు, చెరువులు, తడి చేలు, ఆపైన సముద్రం. పగటికీ రాత్రికీ వేడిలో తేడా తక్కువ. చలికాలంలో ఎత్తున వేగంగా పారే జెట్ స్ట్రీమ్ ఉత్తర భారతం మీదుగా పోతుంది, మనం దానికి బాగా దక్షిణాన ఉన్నాం. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో ఉండే క్రిస్టఫర్ గో అనే అమెచ్యూర్ 2006లో గురుడి మీది ఓవల్ బీఏ అనే తెల్లటి తుఫాను ఎర్రబడిందని తన ఫొటోల్లో మొదట పట్టుకున్నాడు. సెబూ కూడా సముద్రపు ఒడ్డున, ఉక్కపోత ఊరే. తేమ ఉన్న చోట గ్రహాల ఫొటోలు రావనేవాళ్లకి నేను చెప్పే జవాబు అదే.

పైన గాలి బాగున్నా కింద మనం చెడగొట్టుకోవచ్చు. డాబా మీద పెడితే పగలంతా కాగిన సిమెంటు అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. పెరట్లో మట్టి నేల మేలు. కొబ్బరి నీడలో పగలు కూడా పెద్దగా వేడెక్కదు. కాకపోతే అవే చెట్లు ఆకాశంలో సగం మింగేస్తాయి, కాయలు రాలే చోట టెలిస్కోప్ పెడితే ఒకేసారి రెండు నష్టాలు. మాకు తూర్పున చెట్ల మధ్య ఒక ఖాళీ ఉంది, గురుడు 40 డిగ్రీలు ఎక్కాక అందులోకి వస్తాడు. ధ్రువ నక్షత్రం 16.5 డిగ్రీల ఎత్తులో కొబ్బరి మట్టల వెనకే ఉండిపోతుంది. భూమి తిరుగుడుకి తగ్గట్టు గ్రహం వెంట తానే తిరిగే, మోటారున్న ఈక్వటోరియల్ స్టాండు కొననిదీ అందుకే. ఆ నక్షత్రం కనబడితే దాన్ని సరిగ్గా నిలపడం తేలిక.

ఇక మంచు. ఇది మనం కట్టే పన్ను. పెద్ద అద్దం గొట్టం అడుగున ఉంటుంది కాబట్టి దానికి త్వరగా పట్టదు. పైనున్న చిన్న అద్దం, ఫైండర్ (గురి చూసుకునే చిన్న గొట్టం), ఐపీస్ తొమ్మిదింటికల్లా మసకబారతాయి. గొట్టం మూతికి నల్లటి ఫోమ్ షీటు చుట్టి ఒక అడుగున్నర ముందుకి పొడిగించాను, సగం బాధ పోయింది. మిగతా సగానికి చిన్న అద్దం వెనక రెండు 220 ఓమ్‌ల రెసిస్టర్లు, ఒక్కోటీ ఒక వాట్‌ది, సమాంతరంగా కలిపి అంటించాను. 12 వోల్టుల బ్యాటరీకి రెండూ కలిపి 1.3 వాట్లు తీసుకుంటాయి. ఆ కాస్త వెచ్చదనం చాలు, అంతకు మించితే అద్దం ముందు వేడిగాలి లేచి బొమ్మ కదులుతుంది. హెయిర్ డ్రయ్యర్ వాడొచ్చు గాని, ఊదాక బొమ్మ కుదుటపడటానికి ఆగాలి. టెలిస్కోప్‌ని ఏసీ గదిలో మాత్రం ఉంచొద్దు. చల్లటి అద్దాన్ని మన గాలిలోకి తెస్తే క్షణంలో నీరు కారుతుంది. నాది వరండాలో దుప్పటి కింద ఉంటుంది, బయటి వేడికీ దానికీ తేడా ఉండదు కాబట్టి అరగంటలో సిద్ధం. ఐపీస్‌లు, బార్లో, కెమెరా గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో. రంగు మారాక జెల్‌ని పెనం మీద సన్నటి సెగకి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. లెన్సుకి ఒకసారి బూజు పట్టిందంటే మచ్చ పోదు.

మోటారు లేకుండా తీసే పద్ధతి చాలామంది అడుగుతారు. గ్రహం ఫొటో అంటే ఒక్క క్లిక్కు కాదు, వీడియో తీసి అందులో మంచి ఫ్రేములు ఏరి పేర్చడం. భూమి తిరగడం వల్ల గురుడు సెకనుకు 14 ఆర్క్ సెకన్ల చొప్పున జరిగిపోతుంటాడు. కెమెరా తెర పొడవు 1920 పిక్సెళ్లు, అంటే 478 ఆర్క్ సెకన్లు. గ్రహాన్ని తూర్పు అంచుకి అవతల పెట్టి చేతులు తీసేస్తే, తెరకి ఆ చివర నుంచి ఈ చివరకి 30 సెకన్ల పాటు తానే నడుస్తాడు. ముందుగా కెమెరాని ఫోకసర్‌లో (కెమెరా బిగించి ఫోకస్ సర్దే భాగం) తిప్పి, ఆ నడక తెర పొడవుకి సమాంతరంగా ఉండేలా చూసుకోవాలి. అప్పుడు 1080 పిక్సెళ్ల ఎత్తు అక్కర్లేదు, 1920 బై 480 పట్టీ చాలు. ఫ్రేముకి ఒక మెగాబైటు లోపే, సెకనుకి వంద ఫ్రేములు, ఒక నడకకి 3 గిగాబైట్లకి కాస్త తక్కువ. ఎస్‌ఎస్‌డీ లేకపోతే రాసుకోలేక ఫ్రేములు వదిలేస్తుంది. ఎక్స్‌పోజర్ గురుడికి 7 మిల్లీసెకన్లు, శనికి 20 పైనే. గెయిన్‌ని (కెమెరా సున్నితత్వం) హిస్టోగ్రామ్ (వెలుతురు ఎంత పడిందో చూపే గ్రాఫు) 60, 70 శాతం మధ్య ఉండేలా సర్దుతాను. వరి కోతల రోజుల్లో పొగ, దుమ్ము ఉంటే ఇంకొంచెం పెంచాల్సి వస్తుంది. బొమ్మ నిలకడ మాత్రం పొగ వల్ల చెడదు.

ఫోకస్ చేసేటప్పుడు చెయ్యి తగిలితే బొమ్మ ఊగిపోతుంది. ఫోకసర్ మరకి బట్టల క్లిప్పు తగిలించి దాని చివర వేలితో తాకితే ఊగదు. గురుడి అంచు చూసి ఫోకస్ చేయడం కష్టం, ఉపగ్రహాల్లో ఒకదాన్ని అతి చిన్న చుక్క చేయడం తేలిక. అద్దాల వరుస కుదిరిందో లేదో ప్రతి రాత్రీ ఒక నక్షత్రం మీద చూస్తాను, అది కుదరని రోజు మిగతా కష్టమంతా వృథా.

గురుడు తన చుట్టూ తాను తిరగడానికి 9 గంటల 55 నిమిషాలు పడుతుంది. నా అమరికలో గోళం మధ్యనున్న మచ్చ నిమిషానికి ఒక పిక్సెల్ జరుగుతుంది. అందుకే రెండు నిమిషాల్లో కుదిరే మూడు నడకలే ఒక ఫొటోకి. అవన్నీ కలిపితే 9,000 ఫ్రేముల దాకా. పిప్ అనే సాఫ్ట్‌వేర్ గ్రహాన్ని అన్ని ఫ్రేముల్లోనూ మధ్యకి తెచ్చి ఒకే వీడియోగా కలుపుతుంది. ఆటోస్టాకర్ట్ వాటిలో మంచివి ఏరి పేరుస్తుంది, నేను 15 శాతం ఉంచుతాను. తర్వాత రెజిస్టాక్స్‌లో వేవ్‌లెట్లు, అంటే బొమ్మకి పదును ఎక్కించే పని. అన్నీ ఉచితమే. పదును ఎక్కించేటప్పుడు చెయ్యి ఆగాలి. గోళం అంచుకి లోపల గీత కనిపించిందంటే అది గ్రహం మీద లేదు, మీ కంప్యూటర్‌లో పుట్టింది. ఇంటర్నెట్‌లో మెరిసే ఫొటోల్లో సగం ఇలాంటివేనని నా అనుమానం.

జనవరి 10న గురుడు సూర్యుడికి ఎదురుగా వచ్చాడు, మిథున రాశి నక్షత్రాల మధ్య. ధనుర్మాసం, గాలి ఆడట్లేదు. తొమ్మిదిన్నరకే 50 డిగ్రీలు దాటాడు, తెల్లవారుజామున పట్టే పొగమంచుకి ఇంకా చాలా టైముంది. పదింటి నుంచి పదకొండు దాకా సీజన్‌లోకెల్లా మంచి గంట. ఆ తర్వాత గురుడు నడినెత్తికి ఉత్తరాన ఐదారు డిగ్రీల దగ్గరికి ఎక్కుతాడు. అంత పైన డాబ్సోనియన్ గొట్టం నిలువుగా నిలబడిపోతుంది. గ్రహం కాస్త జరిగితే గొట్టాన్ని బోలెడంత తిప్పాలి, కెమెరా కోణం కూడా తప్పిపోతుంది. గాలి ఎంత బాగున్నా ఆ గంటన్నర వదిలేయడమే. గురుడి మీది పెద్ద తుఫాను అయిన ఎర్ర మచ్చ కోసం ఒక చిట్కా: ఒక రాత్రి అది గోళం మధ్యకి వచ్చిన టైము రాసుకుంటే, రెండు రోజుల తర్వాత గంటా నలభై నిమిషాలు ఆలస్యంగా మళ్లీ వస్తుంది. పండక్కి వచ్చిన చుట్టాలకి అలా లెక్కేసి చూపించాను. ఐపీస్‌లో ఎర్రగా ఏమీ ఉండదు, లేత రంగు మసక మచ్చే. అది ముందే చెప్పి చూపిస్తే గొడవ ఉండదు.

మన జిల్లాల్లో గురుడంటే పుష్కరాలు గుర్తొస్తాయి. ఆయన సింహ రాశిలోకి వస్తే గోదావరి పుష్కరాలు, గతసారి 2015 జూలైలో, మళ్లీ 2027లో. ఆ 2027 ఫిబ్రవరిలోనే గురుడు, కుజుడు ఇద్దరూ పది రోజుల తేడాతో సూర్యుడికి ఎదురుగా వస్తారు. పంచాంగం లెక్కలో గురుడు అప్పుడింకా కర్కాటకంలోనే గాని, ఆకాశంలో ఇద్దరూ సింహరాశి నక్షత్రాల హద్దులోనే. ఇద్దరూ మన నడినెత్తికి దగ్గరగా పోతారు కాబట్టి అర్ధరాత్రి ముందో తర్వాతో తీయాలి. కుజుడు 14 ఆర్క్ సెకన్లకి కూడా రాడు, తెర మీద 55 పిక్సెళ్లే. అంత చిన్న గోళానికి 685 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ కొందామనుకుంటున్నాను. ఎర్రటి వెలుతురు మీద గాలి కదలిక ప్రభావం తక్కువ, కుజుడి నల్ల మచ్చలు అందులో బాగా తేలతాయి. 8 అంగుళాల అద్దానికి వెలుతురు చాలుతుందో లేదో ముందు చంద్రుడి మీద పరీక్షించి చూస్తాను.