ఓటీపీఆర్ కంటే ముందు మెయిల్ ఐడీ

గ్రూప్స్ కోసం ఏపీపీఎస్సీలో ఒక్కసారి చేసే ప్రొఫైల్ రిజిస్ట్రేషన్ (ఓటీపీఆర్) అయినా, బ్యాంకు పరీక్షలైనా దరఖాస్తులో ముందే అడిగేది మెయిల్ ఐడీ. ఇంటర్‌లో సరదాకి పెట్టుకున్న ‘కూల్ బాయ్’ ఐడీ ఇచ్చినా ఫారం కాదనదు. కానీ నోటిఫికేషన్ నుంచి నియామక పత్రం దాకా ఒక్కోసారి ఏళ్లు పడుతుంది, అన్నాళ్లూ మోయాల్సింది ఆ ఐడీనే. పరీక్షల కోసం విడిగా ఒకటి తెరవండి. కాలేజీ ఇచ్చిన ఐడీ మాత్రం వద్దు, కోర్సు అయ్యాక అది ఎప్పుడు మూతపడుతుందో మన చేతిలో ఉండదు.

జీమెయిల్‌లో ఐడీ 6 నుంచి 30 అక్షరాల మధ్య ఉండాలి. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, చుక్క నడుస్తాయి, అండర్‌స్కోర్ నడవదు. పేరు స్పెల్లింగ్ టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉండాలి. మెమోలో లక్ష్మికి కె, ఎస్, హెచ్ వాడి మెయిల్‌లో ఎక్స్ పెట్టుకుంటే, ఫారం నింపేటప్పుడు చెయ్యి మెమో స్పెల్లింగ్ వైపే పోతుంది. ఓటీపీ ఇంకో లక్ష్మికి చేరుతుంది.

శ్రీనివాస్, లక్ష్మి లాంటి పేర్లు విడిగా ఎప్పుడో అయిపోయాయి కాబట్టి ఇంటిపేరు పూర్తిగా కలపండి. అప్పటికీ దొరక్కపోతే ఊరిపేరు కలపండి. పుట్టిన తేదీ మాత్రం వద్దే వద్దు. చాలా హాల్‌టికెట్ లాగిన్‌లకు రిజిస్ట్రేషన్ నంబరు, పుట్టిన తేదీ ఉంటే చాలు. అందులో సగం మీరే అందరికీ చెప్పేసినట్టవుతుంది. సున్నా పక్కన ఓ, ఒకటి పక్కన చిన్న ఎల్ కూడా పెట్టకండి. ఫోన్‌లో ఒక్కసారి చెబితే అవతలివాళ్లు తప్పు లేకుండా రాసుకోగలిగితే ఆ ఐడీ బాగున్నట్టే.

చుక్కల దగ్గర చాలామంది తికమకపడతారు. జీమెయిల్ చుక్కలను లెక్కచేయదు, పెట్టినా తీసేసినా ఉత్తరం మీకే వస్తుంది. పరీక్షల పోర్టల్ అలా అనుకోకపోవచ్చు. రిజిస్ట్రేషన్‌లో ఎలా రాశారో లాగిన్‌లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి.

నెట్ సెంటర్‌లో ఫారం నింపిస్తే, పని తొందరలో సెంటర్ మెయిలే కొట్టేస్తుంటారు. ఇంకొకరి మెయిల్ ఐడీ ఇవ్వకూడదని బ్యాంకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ నోటిఫికేషన్లలోనే ఉంటుంది. సబ్మిట్ నొక్కకముందు ఆ గడి మీరే చదవండి.

రికవరీకి ఇచ్చే ఫోన్ నంబరు రీఛార్జ్ లేక రద్దయితే, 90 రోజుల తర్వాత ఇంకొకరికి వెళ్లిపోవచ్చు. అందుకే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, ఫోన్ లేకున్నా లాగిన్ అయ్యేందుకు అది ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్లో ఉంచండి.

ఈ ఐడీకి ఫొటోల బ్యాకప్, వాట్సాప్ బ్యాకప్ కలపకండి. ఉచితంగా వచ్చే 15 జీబీ అన్నిటికీ కలిపే. అది నిండిపోతే కొత్త మెయిళ్లు రావు, కాల్ లెటర్ కూడా. వారానికోసారి స్పామ్ కూడా తెరిచి చూడండి, అందులో పడినవి 30 రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి.