రేకుల మీద ఎండ

శనివారం, రాత్రి పదిన్నర

పొద్దున హూడి దగ్గర రేకుల షెడ్లకు వెళ్లొచ్చాను. నెలకో శనివారం అక్కడి ఆడపిల్లలకు నెలసరి గురించి చెప్పి రావాలని నేనూ, పక్క ఫ్లాటు నర్సమ్మా అనుకున్నాం. ఇవాళ ఆవిడకు డ్యూటీ పడింది. ఒక్కదాన్నే వెళ్లాను. 14 మంది వచ్చారు. కదిరి, మదనపల్లె, రాయచోటి వైపు నుంచి బెంగళూరుకు బిల్డింగు పనులకొచ్చిన వాళ్ల పిల్లలు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. 'ముట్టు' అన్నది రెండు భాషల్లోనూ ఒకటే మాట కాబట్టి దాంతోనే మొదలుపెట్టాను. కిసుక్కుమని నవ్వులు. తలుపు వెయ్యమని ఒకతె సైగ చేసింది. తలుపెక్కడిది, పాత చీర పరదా. దాన్నే లాక్కున్నారు.

"నెలకి ఎంత రక్తం పోతుందనుకుంటున్నారు?" అంటే రెండు చెంబులన్నారు. బ్యాగులోంచి బై-టూ కాఫీ గ్లాసు తీసి, బీట్‌రూట్ నీళ్లు రెండున్నర టేబుల్ స్పూన్లు పోసి చూపించాను. చాలామందికి 30, 40 మిల్లీలీటర్లే. 80 దాటుతున్నా, గంటకో ప్యాడు తడిసిపోతున్నా డాక్టరు దగ్గరికి పోవాలని చెప్పాను. గ్లాసు చేతులు మారుతూ వెనక వరస దాకా పోయింది. "ఇంతేనా! మరి నాకు కండ్లు తిరుగుతాయేమక్కా?" అంది చివర కూర్చున్న పిల్ల. బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర మింగుతున్నావా అంటే, వాంతి వచ్చినట్టుంటాదని పారేస్తోందట. అన్నం తిన్నాక మింగి చూడమన్నాను.

బడిలో ప్యాడ్లిచ్చే పథకం పేరు ఇక్కడ 'శుచి'. మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు. కానీ నెలనెలా 'అంటు' అని మూల కూర్చోబెట్టే ఇంట్లో పెరిగే పిల్లకు ఆ పేరు ఏం వినిపిస్తుందో! ఎప్పుడు విన్నా నాకు గొణుక్కోబుద్ధవుతుంది.

ప్యాడైనా గుడ్డైనా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోవాలి, జన ఔషధి కొట్లో ప్యాడు రూపాయికే దొరుకుతుంది, లోపల సబ్బు పెట్టి కడగక్కర్లేదు, మంచినీళ్లు చాలు... ఇవన్నీ గబగబా అయిపోయాయి. సగం మంది వాడేది గుడ్డే. సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి, గుడ్డ మూలన తడిగా పడి ఉంటే క్రిములు చేరి దురదలొస్తాయి అన్నాను.

"యాడ ఆరేయాలక్కా?"

అడిగింది పన్నెండేళ్ల పిల్ల. పరదా పక్కకు జరిపి బయటికి చూశాను. రెండు వరసల షెడ్ల మధ్య బారెడు సందు, సందంతా ఒకటే తీగ, దాని మీద మగవాళ్ల లుంగీలు. కిందే నలుగురు పేకాట. "మరి నువ్వెక్కడ ఆరేస్తున్నావ్?" అంటే, "బియ్యం డ్రమ్ము ఎనక" అంది. నా దగ్గర ఉన్నదంతా బీట్‌రూట్ నీళ్లు, చార్టు. ఏం చెప్పను?

చెప్పింది వాళ్లే. "పైన రేకుల మీదేస్తే?" అని ఒకతె. "వడియాల పక్కనా!" అని ఇంకొకతె. గది గదంతా పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగాక లెక్కలు మొదలయ్యాయి. మధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెట్టలేం, గంటలో ఎండిపోతాది. మీద పల్చటి పాత ఓణీ పరిచి నాలుగు మూలలా రాళ్లు పెడితే ఎవరికీ తెలీదు, ఎండా తగులుతాది. సిమెంటు ఇటుకలు పేర్చుకుని ఎక్కొచ్చు. కోతులొస్తే? కోతులకు ఓణీతో ఏం పని!

లేచేటప్పుడు వాడిన ప్యాడ్ల సంగతొచ్చింది. నల్ల కవర్లో కట్టి ఖాళీ సైటులో విసిరేస్తారట. అప్పటిదాకా నోరు విప్పని ఒక పిల్ల, "మా యమ్మ చెత్తబండి కాడ పని చేస్తాది. ఆ కవర్లు విప్పి చేత్తోనే ఏరుతాది" అంది. ఇంకెవరూ నవ్వలేదు. పేపర్లో చుట్టి విడిగా ఎర్ర డబ్బాలో వేయాలని నేను చెప్పబోయిన నాలుగు ముక్కలు ఆ పిల్లతోనే చెప్పించాను.

రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. నేను పెద్దమనిషినైన రోజు అమ్మ చెప్పింది ఒక్కటే మాట. పాత నూలు చీర చింపి మడత పెట్టి ఇస్తూ, "ఇది ఎవరి కంటా పడనీయొద్దు" అంది. ఆ తర్వాత చిమ్మిలి తినిపించింది. ఈ విషయం మా మధ్య మళ్లీ రాలేదు. ఇవాళ రేకులూ ఓణీ కథంతా చెబితే అటువైపు చప్పుడు లేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను.

"మేమైతే గడ్డివాము ఎనక ఏసేవాళ్లం. ఒకసారి తేలు దూరింది" అంది చివరికి. కాసేపాగి, "దులిపి తీసుకోమను ఆ పిల్లోళ్లని. నూలుదే వాడమను, పాలిస్టరు తడి పీల్చదు."