మిగిలిన టపాసులు ఇంటికి తేవద్దు: దీపావళి కొట్టు పెట్టిన నా అనుభవం

దీపావళికి టపాసుల కొట్టు పెడతామంటే, ఏ రకం బాగా పోతుందో చెప్పినవాళ్లే అందరూ. రాత్రిపూట సరుకు ఎక్కడ పెట్టాలో చెప్పినవాళ్లు లేరు. మమ్మల్ని ఎక్కువగా తిప్పలు పెట్టింది అదే.

తాత్కాలిక లైసెన్సుకి దరఖాస్తు, చలానా, పోలీసుల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఫైర్ వాళ్ల ఎన్‌ఓసీ, ఈ తిరుగుడంతా మామూలే. 2008 ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్, అంటే పేలుడు పదార్థాల నిబంధనలు, ఏం చెబుతాయో అర్థమైంది మాత్రం ఫైరాఫీసరు గ్రౌండ్‌కి టేపు పట్టుకొచ్చాకే. కొట్టుకీ కొట్టుకీ మధ్య 3 మీటర్ల ఖాళీ ఉండాలి. ఎదురెదురుగా పెట్టకూడదు, ఒకే చోట 50 కొట్లకి మించి ఉండకూడదు. కొట్లకి 50 మీటర్ల లోపు ఒక్క టపాసు కూడా కాల్చి చూపించకూడదు. మేం కట్టిన టార్పాలిన్ పీకించి రేకులు వేయించారు. వైరుకి వేలాడుతున్న బల్బుని గోడకి బిగించేదాకా కదల్లేదు.

సరుకు దిగిన సాయంత్రం మా బామ్మర్ది, "సగం పెట్టెలు మేడమీద గదిలో పడేద్దాం బావా, తాళం వేస్తే సరి" అన్నాడు. లైసెన్సులో రాసింది కొట్టు పెట్టిన షెడ్డు అడ్రసు, మా ఇంటిది కాదు. పైగా ఆ గది కింద వంటిల్లు. చిచ్చుబుడ్డిలో ఉండేది సూరేకారం, గంధకం, బొగ్గు, దానికి తోడు లోహపు పొడి. అంటే తుపాకీ మందు జాతే. ఆరుబయట ఒక్కటి అంటుకుంటే వెలుగు. మూసిన గదిలో వంద అంటుకుంటే గోడలు నిలవవు. అందుకే షెడ్డులో పట్టేంత సరుకే తెచ్చుకుని, మిగతాది హోల్‌సేల్ గోడౌన్‌లోనే ఉంచి విడతలుగా దించుకున్నాం. ఆటో ఖర్చు పెరిగింది, పెరగనీ.

ఒక పెట్టెలో చిచ్చుబుడ్ల అడుగు కాగితం చిరిగి మందు రాలుతోంది. వాటిని బకెట్ నీళ్లలో ముంచేశాం. రాలిన పొడిని నిప్పురవ్వ లేస్తుందని ఇనుప చేట జోలికి పోకుండా తడిగుడ్డతో తుడిచాం.

పండగయ్యాక మిగిలినది గోడౌన్‌కే తిరిగిచ్చాం. వాపసు తీసుకుంటానని కొనేటప్పుడే బిల్లు మీద రాయించుకోండి, లేకపోతే రేటు కోస్తారు. నాగుల చవితికని పిల్లల కోసం కాకరపువ్వొత్తులు నాలుగు పెట్టెలు మాత్రం కొనుక్కుని ఇంటికి తెచ్చాం.