తొమ్మిది వేల తేడా

ఒకటో తారీఖు, పింఛన్ల రోజు. మా బ్యాంకు షట్టర్ ఎత్తేసరికే మెట్ల మీద పాతికమంది పెద్దవాళ్లు పాస్‌బుక్కులు పట్టుకుని కూర్చున్నారు. హెడ్ క్యాషియర్ సెలవు పెట్టడంతో క్యాష్ కౌంటర్ నాకు పడింది. మేనేజర్ మేడమ్ క్యాబిన్‌లోకి వెళ్లనేలేదు. గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చుని విత్‌డ్రాయల్ ఫారాలు నింపారు. ఒక అవ్వ వేలిముద్ర సరిగా పడకపోతే, చీర చెంగుతో ఆవిడ వేలు తుడిచి, ప్యాడ్ మీద మెల్లగా మళ్లీ అద్దించారు. అది చూశాక మాలో ఎవరికీ "లంచ్ తర్వాత రండి" అనే మాట నోటికి రాలేదు.

సాయంత్రం క్యాష్ చూస్తే 9,000 తక్కువ. కట్టలన్నీ మళ్లీ మెషీన్‌లో వేశాను. అదే తేడా. చేతులు చల్లబడ్డాయి.

ఇంతకుముందు పనిచేసిన బ్రాంచిలో ఒకసారి 2,000 తగ్గితే, అక్కడి మేనేజరు ఖాతాదారుల ముందే అరిచారు. ఆ తర్వాత ఎప్పుడు తేడా వచ్చినా కిక్కురుమనకుండా జేబులోంచి వేసేవాణ్ణి. అక్కడ అందరిదీ అదే దారి. లెక్క సరిపోయేది. తప్పు ఎక్కడ జరిగిందో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు, అందుకే మళ్లీ మళ్లీ జరిగేది.

ఇవాళ నేరుగా మేడమ్ దగ్గరికి వెళ్లి చెప్పేశాను. ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"తేడాని తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా పోతోంది కదండీ. పక్కపక్క అంకెలు అటూ ఇటూ అయితే తేడా అలాగే వస్తుంది. ఎక్కడో తారుమారయ్యాయేమో. ముందు జమ వోచర్లు చూద్దాం."

సగం ఆవిడ, సగం నేను. ఇరవై నిమిషాల్లో దొరికింది. 34,000 జమని 43,000 అని కొట్టాను. మేడమ్ స్లిప్పు వెనక్కి తిప్పి నోట్ల వివరం కూడా సరిచూశారు. "ఇది పాస్ చేసింది నేనే. నేనూ చూసుకోలేదు" అన్నారు. నా గొంతు పట్టేసింది. ఖాతాదారుకి ఫోన్ కూడా ఆవిడే చేశారు.

అమెరికాలో ఏటీ అండ్ టీ టెలిఫోన్ కంపెనీలో దాదాపు 40 ఏళ్లు పనిచేసిన రాబర్ట్ గ్రీన్‌లీఫ్, 1970లో సేవక నాయకత్వం గురించి రాస్తూ ఒక పరీక్ష పెట్టాడు. నాయకుడి సేవ అందుకున్నవాళ్లు మనుషులుగా ఎదుగుతున్నారా, వాళ్లూ ఇంకొకరికి సేవ చేసేవాళ్లుగా మారుతున్నారా అని. ట్రైనింగ్‌లో విన్నప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. ఇవాళ వోచర్లు తిరగేస్తుంటే గుర్తొచ్చింది.

స్ట్రాంగ్ రూమ్‌కి రెండు తాళాలూ పడ్డాయి. బ్యాగు తగిలించుకుంటుంటే కొత్తగా చేరిన కుర్రాడు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అన్నా, మధ్యాహ్నం ఒకాయన ఏడాదికి వేయమన్న ఎఫ్‌డీని పది నెలలకి వేసినట్టున్నా. రేపు చూసుకుందామనుకున్నా గానీ..."

చాలా టెన్షన్‌లో ఉన్నాడు. నా బస్సు ఆరున్నరకి. బ్యాగు టేబుల్ మీద పెట్టి, ఇంకో కుర్చీ లాగాను.

"ఫారం తీసుకురా తమ్ముడూ, ఇద్దరం చూద్దాం."