పేద్రో రొమేరో చెయ్యి

డాలస్‌లో ఉంటాం కాబట్టి ఫోర్ట్‌వర్త్ మాకు దగ్గరే. అక్కడి కింబెల్ మ్యూజియంలో సొంత సేకరణ చూడటానికి టికెట్ అక్కర్లేదు. శనివారాలు పిల్లల్ని తీసుకెళ్తుంటాను. పోయిన నెల స్పెయిన్ చిత్రకారుడు గోయా వేసిన ఒక బొమ్మ ముందు ఆగిపోయాను. నల్ల కోటు, తెల్ల చొక్కా, నెమ్మదైన ముఖం. అన్నిటికన్నా ముందు ఆ చెయ్యి కనిపిస్తుంది. సన్నటి వేళ్లు, ఏ తొందరా లేనట్టు వాలి ఉంది. ఐదు వేలకు పైగా ఎద్దుల్ని చంపాడని పేరున్న మనిషి చెయ్యి అది.

ఆయన పేద్రో రొమేరో. దక్షిణ స్పెయిన్‌లో లోయ అంచున ఉండే రోండా ఊళ్లో 1754లో పుట్టాడు. పూర్వం అక్కడ ఎద్దుతో పోరంటే దొరల వినోదం, గుర్రం మీద నుంచి బల్లెంతో. నేల మీద నిలబడి తలపడే పద్ధతికి పేరు తెచ్చింది ఇలాంటి మామూలు కుటుంబాలే. కర్రకు కట్టిన గుడ్డ ఒక చేత్తో, కత్తి ఇంకో చేత్తో పట్టుకునే తీరు పేద్రో తాత ఫ్రాన్సిస్కోతోనే మొదలైందంటారు. తండ్రి హువాన్‌దీ అదే వృత్తి.

రోండా వాళ్ల పద్ధతిలో మనిషి ఎద్దు మీదికి వెళ్లడు. అది దూకి వచ్చేదాకా కదలకుండా నిలబడి, వచ్చినప్పుడే కత్తి దింపుతాడు. కాళ్లను కాదు, చేతుల్ని నమ్ముకోవాలని పేద్రో చెప్పేవాడట. అది చదివినప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. మాది ఒంగోలు పక్క పల్లె. గిత్త బెదిరితే నాన్న, "పరిగెత్తమాకరా, ఉన్నచోటే నిలబడు" అనేవాడు. మా ఇంట్లో ఎడ్లకు పెట్టాకే మనుషులు తినేవాళ్లు. అందుకే ఈ చంపడం నాకు మింగుడుపడదు. ఆ ధైర్యం మాత్రం అర్థమవుతుంది.

సెవిల్ వాడు పెపె ఇల్లో ఆయనకు గట్టి పోటీ. 1801 మే 11న మాడ్రిడ్‌లో, జనం చూస్తుండగా, ఎద్దు కొమ్ములకు ఇల్లో బలైపోయాడు. గోయా ఆ చావునూ గీశాడు. పేద్రో అప్పటికి రెండేళ్ల ముందే, 1799లో, బరి వదిలేశాడు. అన్నేళ్లలో ఒంటి మీద పెద్ద గాయమే లేదంటారు.

1830లో రాజు ఏడో ఫెర్నాండో సెవిల్‌లో ఈ విద్యకు బడి పెట్టించి, డెబ్బై ఐదు దాటిన పేద్రోనే ఆ బడికి పెద్దగా నియమించాడు. తర్వాత ఎంతో పేరు తెచ్చుకున్న ఫ్రాన్సిస్కో మోంతెస్ అక్కడి శిష్యుడే. పేద్రో 1839లో రోండాలోనే పోయాడు.

మొన్న శనివారం మళ్లీ వెళ్లాను. మా చిన్నది ఆ చెయ్యి చూసి, "ఈయన వీణ వాయిస్తాడా నాన్నా?" అని అడిగింది.