బావి నీటితో వచ్చిన గియార్డియా

జ్వరం లేదు, రక్తం పడలేదు. అందుకే మొదట్లో నాది మామూలు అజీర్తిలాగే కనబడింది. కానీ విరేచనం జిడ్డుగా, భరించలేని కంపుతో నీళ్ల మీద తేలేది. దానికి తోడు ఉబ్బరం, కుళ్లిన గుడ్ల వాసన త్రేన్పులు, తగ్గిపోతున్న బరువు. ఇవన్నీ కలిసి కనబడితే గియార్డియాను అనుమానించాలి. ఈ పరాన్నజీవి లోపలికి పోయిన 1 నుంచి 3 వారాలకు బయటపడుతుంది. కాబట్టి నిన్నటి తిండిని కాదు, అంతకుముందు తాగిన నీళ్లను గుర్తుచేసుకోవాలి.

నా మొదటి మలపరీక్షలో ఏమీ దొరకలేదు. సిస్టులు, అంటే గట్టి పెంకుతో మలంలో బయటికొచ్చే ఈ పరాన్నజీవి రూపాలు, రోజూ పడవు. వేర్వేరు రోజుల్లో 3 నమూనాలు ఇవ్వాలి, లేదా మలంలో ఈ పరాన్నజీవి ప్రోటీన్లను పట్టే యాంటిజెన్ పరీక్ష చేయించాలి. డాక్టరు రాసిన టినిడజోల్ పెద్దలకు ఒకే మోతాదు, 2 గ్రాములు, ఏదైనా తిన్నాక. తర్వాత 3 రోజులు మద్యం ముట్టకూడదు. విరేచనాలు ఆగాక కూడా పాలు తాగితే నాకు కడుపు ఉబ్బేది. మందు పనిచేయలేదని కంగారుపడతాం గానీ, చాలాసార్లు కారణం వేరు: చిన్నపేగు లోపలి పొర దెబ్బతిని లాక్టోజ్ అనే పాల చక్కెర అరగదు. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అందాకా పాలు మానేశాను.

అయితే ఆ నీళ్లే తాగితే జబ్బు తిరగబెడుతుంది. మా బావికి ఎగువన పెంటకుప్ప ఉంది. వాన పడితే దాని మురుగు ఒర పగుళ్లలోంచి బావిలోకి దిగేది. పశువుల్లో, ముఖ్యంగా దూడల్లో ఉండే గియార్డియాలో మనుషులకు సోకే రకాలూ ఉన్నాయి. నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. మామూలు మోతాదు క్లోరిన్‌నూ నమ్మకూడదు: బ్యాక్టీరియాను చంపుతుంది గానీ ఈ సిస్టులు దాన్ని చాలాసేపు తట్టుకుంటాయి. నీళ్లు తెర్లడం మొదలయ్యాక 1 నిమిషం కాచాలి. 2000 మీటర్లకు పైన ఉన్న చోట్ల 3 నిమిషాలు. ఫిల్టరైతే 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ‘అబ్సల్యూట్’ కావాలి, అంటే అంతకంటే పెద్దది దాటనిది. ‘నామినల్’ అని ఉంటే కొన్ని సిస్టులు దాటిపోతాయి.

కాచినా పోనిది నైట్రేట్ అనే లవణం. పెంట నుంచీ ఎరువుల నుంచీ దిగుతుంది, మరిగించేకొద్దీ చిక్కబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 50 మిల్లీగ్రాములు. అంతకు మించిన నీళ్లతో పసిబిడ్డకు పాలు కలపనే కూడదు.

అసలు మరమ్మతు బావి దగ్గరే. పెంటకుప్పను దిగువకు, కనీసం 30 మీటర్ల దూరానికి మార్చాలి; ఇసుక నేల గానీ పగుళ్ల రాయి గానీ అయితే ఇంకా దూరం. ఒర పగుళ్లు పూడ్చి, చుట్టూ బయటికి వాలుగా చప్టా వేయాలి. ఆ తర్వాత గట్టి వాన పడ్డాక నమూనా పంపాలి: 100 మిల్లీలీటర్లలో ఇ.కొలై (మలం కలిసిందని చెప్పే పేగు బ్యాక్టీరియా) ఒక్కటి కూడా ఉండకూడదు. ఎండాకాలపు నమూనా ఒక్కటే బాగుందని కాచడం ఆపకండి.