మూడు బడుల జట్టు

ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆష్‌బర్న్‌లోని మా ఇంట్లో మావాడూ నేనూ కూర్చుని 2000లో వచ్చిన ‘రిమెంబర్ ది టైటాన్స్’ సినిమా చూశాం. ఆ కథ జరిగిన అలెగ్జాండ్రియా కూడా మా వర్జీనియాలోనిదే.

1971లో ఆ ఊరి మూడు హైస్కూళ్ళలో పై రెండు తరగతులవాళ్ళనందరినీ టి.సి. విలియమ్స్ పాఠశాలకు చేర్చారు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ప్రధాన శిక్షకుడిగా నల్లజాతీయుడైన హెర్మన్ బూన్ వచ్చాడు; ఆ పదవిని ఆశించిన శ్వేతజాతీయుడు బిల్ యోస్ట్ ఆయన కింద సహాయకుడిగా పనిచేశాడు.

“అప్పటిదాకా నల్లపిల్లలు, తెల్లపిల్లలు కలిసి చదువుకోలేదా నాన్నా?” అని మావాడు అడిగాడు. సినిమా చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది గాని, ఆ ఊరి బడుల్లో వాళ్ళు 1960లలోనే కలిసి చదవసాగారు. 1971 నాటి చిక్కు మరొకటి అని నాకనిపిస్తుంది. నిన్నటిదాకా మూడు బడుల తరఫున మైదానంలోకి దిగిన కుర్రాళ్ళు ఇప్పుడు ఒకే జట్టులోని కొద్దిపాటి స్థానాలకు పోటీపడాలి. ఎవరిని పక్కన కూర్చోబెట్టినా దానికి రంగే కారణమని ఒకరు, బడి కారణమని మరొకరు అనుకునే పరిస్థితి. గెటిస్‌బర్గ్ శిక్షణ శిబిరం ఘట్టాల్లో ఆ ఉద్రిక్తత కొంత కనిపిస్తుంది, కానీ పాటలు మొదలయ్యేసరికి త్వరగానే కరిగిపోతుంది.

మూడు బడుల మేటి ఆటగాళ్ళు ఒక్కచోట చేరడం వల్ల మైదానంలో మాత్రం వాళ్ళకు పెద్దగా ఎదురులేకపోయింది. ఆడిన 13 ఆటలూ గెలిచి, రాష్ట్ర ఫైనల్లో ఆండ్రూ లూయిస్ జట్టును 27–0తో ఓడించారు. సినిమాలో ఆ గెలుపు చివరి క్షణంలో గాని దక్కదు. జట్టు ఆటగాడు గెరీ బెర్టియర్‌ను చక్రాల కుర్చీకి పరిమితం చేసిన కారు ప్రమాదం కూడా ఆటలన్నీ ముగిశాక జరిగినదే; దాన్ని ఫైనల్‌కు ముందుకు జరిపారు. కన్నీళ్ళ కోసమే అనుకోండి, అది క్షమించవచ్చు.

సినిమా ప్రస్తావించని సంగతి ఒకటి మావాడికి చెప్పాను. ఆ బడి ఎవరి పేరు మోసిందో ఆ టి.సి. విలియమ్స్, నల్లపిల్లలను తెల్లపిల్లల బడుల్లో చేర్చడాన్ని వ్యతిరేకించిన పాఠశాలల అధికారి. బూన్ జట్టు గెలిచింది ఆ పేరు మీదే. 2020లో పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత చెలరేగిన ఆందోళనల నడుమ ఊరివాళ్ళు గట్టిగా పట్టుబట్టాక గాని పాఠశాల బోర్డు కదలలేదు. 2021లో అది అలెగ్జాండ్రియా సిటీ హైస్కూలయింది.